ఇంటికి పంపిన నోటుపుస్తకము

ఏటేట ఈ పత్రికయందు పరీక్షలలో మొదటి తరగతిని గెలిచినవారి పేరులును, ఆటలపోటీలలో బహుమతులు పొందినవారి ఛాయాపటములును ప్రకటింపబడుట చదువరు లెఱిగినదే. అది న్యాయమైన పద్ధతియే. కష్టపడి చదివిన బిడ్డ పేరు అచ్చులో చూచుకొని ఆ యింటివారు సంతోషించుట చూచువారికిని సంతోషమే. కాని మా వార్షికోత్సవమునాడు పందిటిలో వెనుకవరుసను కూర్చుండి, పిలువబడు పేరులలో తమ బిడ్డ పేరుండదని ముందే యెఱిగి, అయినను కడవఱకు లేవక చప్పట్లు కొట్టు తల్లిదండ్రులు కొందఱుందురు. వారి బిడ్డలలో కొందఱు తక్కినవారివలె చదువలేరు, కొందఱు మాటలాడలేరు, కొందఱు నడువలేరు. అట్టి బిడ్డలకు కావలసిన చదువునకు ప్రత్యేకవిద్య యని పేరు. ఆ విద్యను గూర్చియు, ఆ బిడ్డలను గూర్చియు వ్రాసినవారు పలువురు కలరు. ఆ తల్లిదండ్రులను గూర్చి వ్రాసినవారు తక్కువ. మాకు తెలిసిన కొంచెమును ఈ యేడు ఇచ్చట వ్రాయుచున్నాము. ఇందు మా తప్పొకటి కలదు. దానిని దాచినచో ఈ వ్యాసమునకు ప్రయోజనము లేదు.

డోన్ పట్టణమును చూడనివారు సయితము రైలుపెట్టెలో కూర్చుండి దాని పేరు వినియుందురు. సికింద్రాబాదునుండి కర్నూలు మీదుగా వచ్చు దారియు, గుంతకల్లునుండి నంద్యాలకు పోవు దారియు ఇచ్చట కలిసికొనును. పెద్దలు దీనిని ద్రోణాచలమని యందురు. చుట్టుప్రక్కల రాతిగనులు, కొంతదూరమున బేతంచెర్ల నాపరాళ్ళ పరిశ్రమ. 2022 ఏప్రిల్ 4వ తేదీని నంద్యాల జిల్లా యేర్పడువఱకు ఇది కర్నూలు జిల్లాలోని యూరు. ఇచ్చటి కుటుంబములు పెక్కు దినకూలిపై బ్రతుకును. ఒకదినము పనికి పోకున్న ఒకదినపు కూలి పోవును. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను; ముందు దీనితో పనియున్నది.

కొన్నియేండ్ల క్రిందట మా పాఠశాలలో ఆఱవ తరగతియందు ఒక బాలుడు చేరెను. వాని పేరు చెప్పము. పుట్టుకతోనే డౌన్ సిండ్రోము అను స్థితిగలవాడు. మాటలు స్పష్టముగా రావు. అక్షరములు సగము తెలియును. ఇరువది దాటిన లెక్క రాదు. తండ్రి నాపరాళ్ళు కోయు ఫ్యాక్టరీలో పనివాడు. వేకువను పోయి చీకటిపడి వచ్చును. తల్లి పొలముపనులకు కూలికి పోవును. వాని అక్క మా పాఠశాలలోనే ఎనిమిదవ తరగతి చదువుచుండెను. వారమునకు కొన్నిదినములు బాలుడు మండలములోని భవిత కేంద్రమునకు పోయివచ్చుచుండెను. సమగ్రశిక్ష క్రింద నడచు ఈ కేంద్రములలో ప్రత్యేకశిక్షణ పొందిన ఉపాధ్యాయులుందురు; కాలుసేతులకు వ్యాయామము చేయించు ఫిజియోథెరపిస్టు నియమిత దినములలో వచ్చును; కదలలేని బిడ్డలకు ఉపాధ్యాయులే యింటికి పోయి నేర్పుదురు. తక్కిన దినములలో వాడు మా తరగతిలో కూర్చుండును.

వాని విషయమున ఏ లోపమును రానీయరాదని మేము నిశ్చయించుకొంటిమి. ఇంటికిని బడికిని నడుమ ఒక నోటుపుస్తకము తిరుగవలెనని యెక్కడనో చదివియుంటిమి. ఎఱ్ఱయట్టగల పుస్తకమొకటి మా చేతి డబ్బుతోనే కొని, ప్రతిసాయంకాలము ఆనాటి సంగతులు అందు వ్రాసి, వాని సంచిలో పెట్టి పంపుచుంటిమి. అడుగున తల్లి సంతకమునకు ఒక గీత గీసితిమి. మఱునాడు సంతకముతో పుస్తకము తిరిగివచ్చుచుండెను. పద్ధతి చక్కగా నడచుచున్నదని మేము లోలోపల మెచ్చుకొనుచుంటిమి. అందు మేము వ్రాసిన మాటలు కొన్ని ఇవి:

‘ఈ దినము ప్రక్కనున్న బాలుని గిల్లెను.’

‘గణితము వేళ బల్లక్రింద దూరి కూర్చుండెను.’

‘అన్నము చొక్కాపై పోసికొనెను. రేపటినుండి మఱియొక చొక్కా పంపవలెను.’

‘మూడవ పీరియడు ముగియకమునుపే చెప్పక బయటికి పరుగెత్తి గంట కొట్టెను. ఇంటివద్ద మందలింపవలెను.’

‘ప్రతిరాత్రియు అరగంట అక్షరములు దిద్దింపవలెను. ఇట్లు చేయకున్న వీనికి చదువు రాదు.’

ఇందు అబద్ధమొకటియు లేదు. రెండుమాసములిట్లు జరిగెను. తరువాత ఒకనాడు బాలుడు బడికి రాలేదు. మఱునాడును రాలేదు. వారము గడచెను. అక్క మాత్రము వచ్చుచుండెను. అడిగినచో తలవంచుకొని ‘జ్వరం సార్’ అని చెప్పి పోవుచుండెను. ఆదివారము సాయంకాలము మేమే వారి యింటికి పోతిమి.

ఇల్లు రైలుకట్టకు దగ్గఱ. బాలుడు అరుగుపై కూర్చుండి రాళ్ళను వరుసగా పేర్చుచుండెను. జ్వరము జాడ లేదు. మమ్ము చూచి నవ్వి చేయిపట్టుకొని లోపలికి తీసికొనిపోయెను. తల్లి మాకు కుర్చీ వేసి, తాను తలుపునొద్ద నిలువబడెను. బడికి పంపకుండుట తప్పనియు, ఇట్లు మానిపించినచో వాడు నేర్చిన కొంచెమును మఱచిపోవుననియు మేము చెప్పుచుంటిమి. ఆమె చాలసేపు విని, పిమ్మట మెల్లగా చెప్పెను. ఆ మాటలను ఆమె పలికినట్లే వ్రాయుట న్యాయము.

“సార్, నాకు చదివేకి రాదు. సంతకం ఒకటి మా పాప నేర్పిచ్చింది. మీరు పంపిచ్చే పుస్తకం రోజూ పాపే చదివి చెప్పేది. ఈ పొద్దు తమ్ముడు బొమ్మ గీసినాడు, సార్ మెచ్చుకున్యాడు అని ఒకనాడు. కిందపడిన పిల్లోన్ని లేపినాడు అని ఒకనాడు. నేను సంతోషంగా సంతకం పెట్టేదాన్ని. మొన్న కొళాయి కాడ పక్కింటామె ఆ పుస్తకం తీసుకొని గట్టిగా చదివింది. వాడు గిల్లేది, పోసుకునేది, పరుగెత్తేది, అంతా వీధికి తెలిసిపాయ. ఇంగ ఏ మొగం పెట్టుకొని పంపాల సార్?”

మాకు నోటమాట రాలేదు. అక్క గోడప్రక్కన నిలువబడి యుండెను. ఉపాధ్యాయులము గనుక, అట్టి సమయమున సయితము మాకు ఉపదేశమే తోచెను. అమ్మకు అబద్ధము చెప్పుట మంచిదా యని ఆ పిల్లను అడిగితిమి. ఆమె తలయెత్తి చూచి యిట్లనెను: “నేను అబద్ధం చెప్పలేదు సార్. తమ్ముడు అవన్నీ చేసినాడు. మీరు రాయలేదు.”

పదుమూడేండ్ల పిల్ల చెప్పిన ఈ మాటకు మా యొద్ద నేటికిని సమాధానము లేదు. మధ్యాహ్నపు విరామములో ఆమె తన తోడివారితో ఆడుకొనక తమ్ముని కనిపెట్టియుండి, వాడు చేసిన మంచిపనిని యొకదానిని వెదకి పట్టుకొని, సాయంకాలము తల్లికి చదువుచున్నట్లు నటించి చెప్పుచుండెను. మేము వ్రాయవలసిన పుస్తకమును ఆమె ప్రతిదినము నోటితో వ్రాయుచుండెను.

తల్లి ఇంకను కొన్ని మాటలు చెప్పెను. తాను వేకువ నాలుగింటికి లేచి, వంటచేసి, నీళ్ళుపట్టి, కొడుకునకు స్నానము చేయించి, బడికి పంపి, కూలికి పోవునట. చీకటిపడి వచ్చి మరల పొయ్యివెలిగించునట. “అరగంట దిద్దిచ్చమని రాసినారంట. ఆ అరగంట ఏడుంది సార్?” అని యడిగెను. ఆమె మమ్ము నిందించుటకు అడుగలేదు; నిజముగానే ఆ అరగంట యెక్కడ దొరకునో మేము చెప్పుదుమని అడిగెను. గంట కొట్టిన సంగతి వచ్చినప్పుడు మాత్రము ఆమె ముఖమున కొంచెము వెలుగు కనబడెను. “వానికి బండ్లు తెలుసు సార్. గడియారం చూసేకి రాదు గానీ, బండి కూత ఇని టైం పట్టుకుంటాడు. బళ్ళో గంట కొట్టినాడంటే టైం అయిందనే కొట్టింటాడు.”

మఱునాడు బడికి వచ్చి మేము విచారించితిమి. ఆనాడు గంట కొట్టువాడు బ్యాంకుపనిపై పోయి ఆలస్యముగా వచ్చెనట. బాలుడు కొట్టినది పీరియడు ముగియకమునుపని మేము వ్రాసితిమి గదా. మా గడియారమే నాలుగు నిమిషములు వెనుకబడి యుండెను. వేపచెట్టునకు వ్రేలాడుచున్న రైలుపట్టా ముక్కపై వాడు సరియైన వేళకే కొట్టియుండెను. తల్లిని ఒక్కమాట యడిగియుండినచో ఇది మాకు మొదటిదినముననే తెలిసియుండెడిది. రెండుమాసములు ఆమెకు వ్రాసితిమి. ఒక్కదినమైనను ఆమెను అడుగలేదు.

చదువరులారా, ఈ కథను చెప్పుటకు కారణమిది. ఇట్టి బిడ్డల తల్లిదండ్రులకు సహాయము చేయుట యనగా వారికి ఏమేమి చేయవలెనో చెప్పుట యని మేము తలచియుంటిమి. పెక్కుమంది అట్లే తలచుచున్నారు. ఉపాధ్యాయుడు ఒకటి చెప్పును. వైద్యుడు మఱియొకటి చెప్పును. అత్తగారు, పొరుగువారు, బండిలో ప్రక్కన కూర్చున్నవారు సయితము ఏదో యొకటి చెప్పుదురు. వినుట మాత్రము ఎవరికిని తీరదు. ఆ తల్లికి సలహాల కరవు లేదు. తన మాటను వినువారు లేరు, తన పనిలో కొంత పంచుకొనువారు లేరు.

సలహాల వెనుక నింద యొకటి దాగియుండును. ఆ బాలుడు కడుపులోనుండగా గ్రహణమునాడు బయటికి పోతివని అత్తగారు కోడలిని నేటికిని అనుచుందురట. మనభాషలో చీలినపెదవికి గ్రహణపు మొఱ్ఱి యని పేరు; పేరులోనే తల్లిపై నేరము మోపబడినది. నిజమేమనగా, డౌన్ సిండ్రోమునకు గ్రహణముతో పనిలేదు. మనుష్యశరీరములోని కణములందు క్రోమోసోములనునవి 46 ఉండవలెను. ఈ బిడ్డలలో పెక్కుమందికి 47 ఉండును. 21వ జతలో రెండింటికి బదులు మూడుండును. ఈ సంగతిని 1959లో ఫ్రాన్సుదేశమున జెరోమ్ లెజూన్ మొదలగువారు ప్రకటించిరి. తల్లి వయస్సు పెరిగినకొలది ఇట్టి జననములు కొంత యధికమగును. కాని ఆమె తిన్న తిండివలనగాని, నడచిన దారివలనగాని, చూచిన చంద్రునివలనగాని ఇది కలుగదు.

చదువురానివారే ఇట్లు నిందింతురని తలపరాదు. అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 1943లో ఆటిజము అను స్థితిని వర్ణించెను. అటుపిమ్మట కొంతకాలము, తల్లికి ప్రేమ చాలకపోవుటచేతనే బిడ్డలిట్లగుదురని గొప్పపండితులే వ్రాసిరి. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ప్రకటించిన గ్రంథముతో ఆ మాట మఱింత వ్యాపించెను. దానిని కాదని నిలిచినవారిలో ముఖ్యుడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వశాస్త్రము చదివినవాడు. అంతకుమించి, ఆటిజముగల బాలుని తండ్రి. ఇది తల్లి తప్పు కాదనియు, మెదడు పుట్టుక తీరునుబట్టి కలుగునదనియు ఆయన 1964లోనే ఒక గ్రంథము వ్రాసెను. నేటి శాస్త్రము ఆయన పక్షముననే యున్నది.

మేనరికములను గూర్చియు ఒకమాట చెప్పవలెను. దగ్గఱి బంధువుల వివాహమువలన పుట్టుచెవుడు మొదలగు కొన్ని వంశపారంపర్య వ్యాధులు వచ్చు అవకాశము పెరుగునని వైద్యులు చెప్పుట నిజము. అది ముందు జరుగబోవు పెండ్లినిగూర్చి ఆలోచించుటకు పనికివచ్చు జ్ఞానము. జరిగిపోయిన పెండ్లిని తలపెట్టి, బిడ్డనెత్తుకొనియున్న తల్లిని కుళ్ళబొడుచుటకు అది సాధనము కారాదు.

మనదేశములో ఈ విద్య యెట్లు పెరిగెనో చూచినను తల్లిదండ్రుల స్థానమేమో తెలియును. అంధులకు మొదటి పాఠశాల 1887లో అమృత్‌సర్ నగరమున ఆనీ షార్ప్ అను మిషనరీవనిత స్థాపించెను. ఆ పని మిషనువారిది. కాని బుద్ధివికాసము తక్కువైన బిడ్డల విషయమున దారితీసినవారు పెక్కుమంది తల్లిదండ్రులే. బొంబాయిలో శ్రీమతి జై వకీలు తన కుమార్తె దీనాకొఱకు 1944లో పాఠశాల ప్రారంభించెను. ఆ బాలికకును డౌన్ సిండ్రోమే. సెరిబ్రల్ పాల్సీగల కుమార్తె మాలిని తల్లియైన మిథు అలూర్ 1972లో అదే నగరమున స్పాస్టిక్స్ సొసైటీని స్థాపించెను. 1995లో దేశమందలి ఇట్టి తల్లిదండ్రుల సంఘములు కలిసి పరివార్ అను సమాఖ్యగా ఏర్పడెను. చేర్చుకొను బడి లేక బడి కట్టినవారు వీరు. ఇట్టివారి కోవకు చెందిన తల్లికి మేము ఎఱ్ఱసిరాతో తప్పులపట్టిక పంపుచుంటిమి.

అందఱు తల్లులును బడి కట్టలేరు. అందుకే చట్టములేర్పడినవి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఆఱునుండి పదునాలుగేండ్ల బిడ్డలకు ఉచితవిద్య నిచ్చినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, నూటికి 40 వంతులు లేక అంతకు మించిన వైకల్యముగల బిడ్డకు ఈ హక్కును పదునెనిమిదేండ్లవఱకు చేసినది. సమీపమునందలి సాధారణపాఠశాల కావలెనో, ప్రత్యేకపాఠశాల కావలెనో కోరుకొను స్వేచ్ఛయు నిచ్చినది. 1995 నాటి చట్టము ఏడు వైకల్యములనే గుర్తింపగా, ఇది 21 గుర్తించినది. ఆంధ్రప్రదేశములో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుండి నెలకు 6,000 రూపాయలకు పెంపబడినది. వైకల్యముగల బాలికలకు సమగ్రశిక్ష క్రింద నెలకు 200 రూపాయల ఉపకారవేతన మేర్పడినది. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యము, బహువైకల్యము గలవారికి నిరామయ అను బీమాక్రింద లక్షరూపాయలవఱకు వైద్యపువ్యయము లభించును. తోడులేక ప్రయాణము చేయలేని మేధోవైకల్యముగల వారికిని, వారి తోడునకును రైలులో రెండవతరగతి ఛార్జీయందు నూటికి 75 వంతుల రాయితీ కలదు. 1984లో సికింద్రాబాదునందు స్థాపింపబడిన జాతీయసంస్థ, బిడ్డను పరీక్షించుటయే కాక, ఇంటివద్ద నేర్పవలసిన తీరును తల్లిదండ్రులకు నేర్పును. డోన్‌లో రైలెక్కినచో అచ్చటికి నేరుగా పోవచ్చును.

చదివినచో ఇది చాల యున్నట్లు తోచును. ఇప్పుడు మొదట చెప్పిన దినకూలి సంగతిని జ్ఞాపకము తెచ్చుకొనుడు. వీనిలో పెక్కింటికి మూలము సదరం ధ్రువపత్రము. దానికి ముందుగా దినము నిర్ణయింపించుకొనవలెను. ఆ దినమున ఆసుపత్రికి పోవలెను. వైద్యుడు రానినాడు మరల పోవలెను. ఆధారులో పేరొకతీరున, బడిపుస్తకములో మఱియొకతీరున నున్నచో దిద్దించుటకు వేఱొకదినము. ప్రతిదినమునకు ఒక కూలి. బాలుని ఒంటరిగా విడువరాదు గనుక తల్లియే పోవలెను. చదువురాదు గనుక తోడు కావలెను. ఆ తోడు మా యెనిమిదవ తరగతి పిల్ల. ఆమె హాజరుపట్టీలో మేము సున్నలు చుట్టిన దినములలో కొన్ని యిట్టివని మాకు తరువాత తెలిసెను. ఆ సున్నలకు ఆమెను నిలువబెట్టి అడిగినవారమును మేమే.

ఆనాటినుండి మేము మార్చుకొన్నవి కొన్ని కలవు. అవి చిన్నవి, ఏ పాఠశాలయందైనను చేయదగినవి. మొదట నోటుపుస్తకము తీరు మార్చితిమి. వాడు చేసిన మంచిపని యొకటి ప్రతిదినము వ్రాయుదుము. కనబడనినాడు వాని అక్కను అడుగము. మేమే కన్నులు తెఱచి వెదకుదుము. చదువురాని యింటికి ఫోనులో మా గొంతుతో చెప్పి పంపుదుము. కష్టమైన సంగతి వచ్చినప్పుడు దానిని వ్రాతలో పంపము. తల్లినో తండ్రినో కలిసికొని, ‘ఇంటివద్ద ఇట్లు జరిగినప్పుడు మీరేమి చేయుదురు?’ అని మొదట అడుగుదుము. పదింట ఏడెనిమిదిమార్లు వారియొద్దనే ఉపాయముండును. బల్లక్రింద దూరుట భయమువలననియు, ప్రక్కగదిలోని పంకా చప్పుడే ఆ భయమునకు కారణమనియు మాకు ఆ తల్లియే చెప్పెను. వాని చోటు మార్చినాము, దూరుట మానినాడు.

రెండవది, కాగితముల పని. దరఖాస్తులు నింపుటకును, పేరులు సరిచూచుటకును మా ఉపాధ్యాయులిరువురు నెలకొకసారి సాయంకాలము కూర్చుందురు. భవిత కేంద్రపు ఉపాధ్యాయులు వీలైనప్పుడెల్ల వచ్చి సాయపడుదురు. ఏడు కాగితములు కావలెనన్నచో ఏడింటిని ఒక్కమాటే చెప్పి పంపుదుము. ఒక్కొక్కటిగా చెప్పినచో ఒక్కొక్కటికి ఒక్కొక్క కూలి పోవును.

మూడవది, వారి కూటమి. మొదట మేము శనివారము పదిగంటలకు పిలిచితిమి; ఇద్దఱు వచ్చిరి. మీకెప్పుడు వీలని అడిగితిమి. ఆదివారము దీపాలవేళ యనిరి. ఇప్పుడు తొమ్మిది కుటుంబములవఱకు వచ్చుచున్నవి. మొదటి రెండుసారులు మేము ఉపన్యసించితిమి. మూడవసారి మాకు జలుబుచేసి గొంతు పోగా వారే మాటలాడుకొనిరి. ఆ దినమునకే ఆ కూటమి నిలిచినది. మూర్ఛగల బిడ్డకు మాత్ర యెట్లు మ్రింగింపవలెనో ఒక తల్లి మఱియొక తల్లికి చెప్పినట్లు మేము చెప్పలేము. ‘మీకును ఇట్లే యుండునా?’ అని యొకరినొకరు అడుగుకొనుటలో వారికి కలిగిన ఊరట మా ఉపన్యాసములలో నెన్నడును కలుగలేదు.

అన్నియు చక్కబడినవని చెప్పినచో అది అసత్యమగును. బాలుని తండ్రి ఆ కూటమికి ఇంతవఱకు రెండుసారులే వచ్చెను. వచ్చినను మూలకూర్చుండి మాటలాడక పోయెను. మాటలురాని కొమార్తెగల యొక కుటుంబము మిరపకోతలకు గుంటూరువైపు వలసపోయి తిరిగి రాలేదు. వారి ఫోను పలుకదు. ఆ బిడ్డ యిప్పుడు ఏ బడిలోనైనను ఉన్నదో లేదో మాకు తెలియదు. వారు పోవుటకు ముందు ఆ తల్లి మా గేటుదగ్గఱకు వచ్చి నిలువబడి, మేము పనిలోనుండుట చూచి, మరల వచ్చెదనని గేటువానితో చెప్పి పోయెనట. ఆ సాయంకాలమును తలచినప్పుడెల్ల మనస్సు చివుక్కుమనును.

ఆ కూటములలో ఎప్పటికప్పుడు వచ్చు ప్రశ్న యొకటి కలదు. ‘మేము పోయిన తరువాత వీనినెవరు చూచుదురు?’ దీనికి చట్టములో ఒక సమాధానము కలదు. 1999 నాటి జాతీయ న్యాసచట్టము క్రింద, పదునెనిమిదేండ్లు నిండిన ఇట్టివారికి చట్టబద్ధమైన సంరక్షకుని నియమించుటకు జిల్లాలో కలెక్టరు మొదలగువారితో స్థానికసంఘమేర్పడును. ఈ సంగతి తెలిసినచో కొంత ధైర్యము కలుగును. కాని చట్టము కాగితముపై సంరక్షకుని చూపగలదు. పండుగనాడు పిలిచి అన్నము పెట్టువారిని చూపలేదు. ఆ రెండవది ఊరివారు చేయవలసినది. ఆ యూరివారు నేడు మా తరగతులలో కూర్చున్న విద్యార్థులే.

కావున విద్యార్థులారా, మీతో ఒకమాట. మీ తరగతిలో అట్టి తోడివా డున్నచో వానిని ఆటలో చేర్చుకొనుడు. వాని అక్కయో అన్నయో మీ స్నేహితులైనచో, విరామములో అరగంట వానిని మీరు చూచుకొని, వారిని ఆడుకొననిండు. పదుమూడేండ్ల పిల్లకు ఆట అక్కఱలేదా? తల్లిదండ్రులారా, మీ బిడ్డ ప్రక్కన అట్టివాడు కూర్చున్నాడని మాకు ఫిర్యాదు తేకుడు. వార్షికోత్సవమునాడు వెనుకవరుసలోని ఆ తల్లి ప్రక్కన కుర్చీ ఖాళీగానుండును, పోయి కూర్చుండుడు. తోటి ఉపాధ్యాయులారా, ఇంటికి ఏమి వ్రాయవలెనని తలచునప్పుడు, దానిని కొళాయియొద్ద గట్టిగా చదివినచో ఆ తల్లి తలయెత్తుకొని నిలువగలదా యని ఒకసారి ఆలోచింపుడు.

బాలుడు ఇప్పుడు తొమ్మిదవ తరగతిలో నున్నాడు. అక్షరములు చాలవఱకు వచ్చినవి. లెక్క ఇంకను ముప్పదివద్దనే నిలిచియున్నది. ప్రొద్దుటి మొదటిగంటయు, సాయంకాలపు ఆఖరిగంటయు వాడు కొట్టవలెనని ప్రధానోపాధ్యాయులు నిర్ణయించిరి. రైలు ఆలస్యమైననాడు వాడు కొంత తికమకపడును. అప్పుడు గంట కొట్టువాడు వాని భుజము తట్టి సైగ చేయును. అక్క పదవతరగతి ముగించి ఇంటరులో చేరినది. ఎఱ్ఱయట్ట పుస్తకము నిండిపోయి నాలుగవ పుస్తకము నడచుచున్నది. దాని అడుగుగీతపై ఇప్పుడు తల్లి సంతకముతోపాటు, అప్పుడప్పుడు ఒక మాటయు కనబడుచున్నది. కూటమికి వచ్చు మఱియొక తల్లియొద్ద ఆమె అక్షరములు నేర్చుకొనుచున్నది. గతవారము వచ్చిన మాట, వంకరటింకర అక్షరములతో, ఇది: ‘సార్ వాడు అన్నం కలుపుకున్నాడు.’

ఆ దినము మేము వ్రాయవలసినది మఱేమియు లేకపోయెను. క్రింద మేము సంతకము చేసి పంపితిమి.